అబ్దుల్ హమీద్ ఎన్ని ట్యాంకులు కొట్టాడు? ఒక పాత ఆర్సీఎల్ గన్నర్ జవాబు

మాస్టారూ, నమస్తే.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెప్టెంబర్ 10న మీ స్కూల్లో, 1965 పాకిస్తాన్ యుద్ధంలో చనిపోయిన పరమవీరచక్ర అబ్దుల్ హమీద్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ఆయన కొట్టిన ట్యాంకులు ఒకచోట మూడని, ఒకచోట నాలుగని, ఇంకోచోట ఏడని, ఎనిమిదని ఉన్నాయి, పిల్లలకి ఏది చెప్పాలి అన్నారు. చివర్లో ఇంకో మాట రాశారు. ‘పైన రేకు కూడా లేని జీపులో కూర్చుని ట్యాంకుని కొట్టడం నిజంగా అయ్యే పనేనా సార్?’ అని మీ తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అడిగాడట. నన్నడిగితే మీ ప్రశ్న కన్నా వాడి ప్రశ్నే గట్టిది. వాడికి సరైన జవాబు దొరికితే మీ లెక్క సంగతి కూడా చాలావరకు తేలిపోతుంది.

నా గురించి రెండు ముక్కలు. పదాతిదళంలో చేసి రిటైరయ్యాను. అందులో ఆరేళ్ళు ఆర్సీఎల్ అనే ట్యాంకుల్ని కొట్టే గన్ను నడిపే చిన్న జట్టులో, అంటే డిటాచ్‌మెంట్‌లోనే గడిచాయి. 1965 నాటికి నేను పుట్టనే లేదు కాబట్టి ఆ యుద్ధం నాకూ మీలాగే పుస్తకాల్లోంచి, పెద్దవాళ్ళ నోటి నుంచి తెలిసిందే. కానీ హమీద్ పేలుస్తూ చనిపోయిన గన్ను మాత్రం నాకు చేతులతో తెలుసు. ఆ గన్ను తెలిసినవాడు ఆయన సైటేషన్ (పతకం ఎందుకిచ్చారో చెప్పే ప్రభుత్వ ప్రకటన) చదివితే ఒకటి రెండు మాటల దగ్గర ఆగిపోతాడు. ఆ మాటలేమిటో చెబుదామనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు గన్ను సంగతి. ఆర్సీఎల్ అంటే రికాయిల్‌లెస్, వెనక్కి తన్నని గన్ను. మామూలు ఫిరంగి పేల్చినప్పుడు గుండు ముందుకు పోతే గొట్టం వెనక్కి తంతుంది. ఆ తన్నుని ఆపడానికి బోలెడంత ఇనుము కావాలి. ఆ యుద్ధంలో పాకిస్తాన్ వాడిన పాటన్ ట్యాంకులో ఉండేది 90 మిల్లీమీటర్ల గన్నే, కానీ దాన్ని మోసే బండి బరువు, ఉక్కు కవచంతో కలిపి, 45 టన్నుల పైనే. 106 ఆర్సీఎల్ బరువు 200 కిలోల పైన కొంచెమే. జీపు మీద బిగించుకుని పోవచ్చు. ఎలాగంటే, ఈ గొట్టం వెనక తెరిచి ఉంటుంది. పేల్చగానే గుండు ముందుకు పోతుంది, మందు పేలిన గాలి వెనక నుంచి పోతుంది. రెండు వైపుల తోపుడూ సరిపోయి గన్ను కదలకుండా నిలబడుతుంది. (పేరు 106 కానీ నిజానికి గొట్టం 105 మిల్లీమీటర్లే. అమెరికా వాళ్ళ దగ్గర అప్పటికే ఇంకో 105 ఉంటే, తూటాలు కలిసిపోకుండా దీనికి 106 అని పేరు పెట్టారు. ఇలాంటివి పిల్లలకి భలే గుర్తుంటాయి.)

గొట్టం మీద ఇంకో చిన్న గన్ను ఉంటుంది, అర అంగుళం తూటాది. గురి సరిపోయిందో లేదో ముందు దాంతో చూస్తాం. తూటా తగిలిన చోట తెల్లగా చిన్న పొగ లేస్తుంది. ఆ పొగ ట్యాంకు మీద లేచిందంటే గురి కుదిరినట్టే, ఇక పెద్దది పేల్చడమే. రెంటికీ ఒకటే నాబ్. బయటికి లాగితే చిన్నది, లోపలికి నొక్కితే పెద్దది. దీంతో వెయ్యి మీటర్ల దాకా ట్యాంకుని కొట్టొచ్చు. షెల్లు మొనలో మందుని గరాటా ఆకారంలో కూరి ఉంటారు. అది తగలగానే పేలి, సన్నటి లోహపు ధారలా ఉక్కులోకి దూసుకుపోతుంది. అందుకని గుండు ఎంత వేగంగా వచ్చిందన్నది పెద్ద లెక్క కాదు, తగిలిందా లేదా అన్నదే లెక్క. కాబట్టి మీ కుర్రాడికి సగం జవాబు ఇక్కడే ఉంది. జీపు మీది గన్ను పాటన్ ఉక్కుని చీల్చగలదు, అందులో అద్భుతం ఏమీ లేదు. ఆ గన్నుని తయారు చేసిందే అందుకు.

ఇంక మిగతా సగం.

ఆ వెనక నుంచి పోయే గాలి ఉంది చూశారూ, దాన్ని మేం బ్యాక్‌బ్లాస్ట్ అంటాం. గొట్టం వెనక ముప్పై మీటర్ల దాకా మనిషి నిలబడకూడదు. పేల్చిన మరుక్షణం వెనక పెద్ద మంట లేస్తుంది, దాని వెంటే దుమ్ము మేఘంలా లేస్తుంది. ఎండాకాలం మేం గన్ను పేల్చడం ప్రాక్టీసు చేసే రేంజిలో అయితే ఎర్రమట్టి తాటిచెట్టంత లేచేది. పచ్చటి పొలంలో ఉంటే ఆకులు, గడ్డి చిందరవందరగా ఎగిరిపోతాయి. చప్పుడు సరేసరి. అంటే ఈ గన్ను ఒక్కసారి పేలిందంటే ‘నేనిక్కడున్నాను’ అని చుట్టుపక్కల రెండు కిలోమీటర్లకి చాటింపు వేసినట్టే. ట్యాంకులో వాళ్ళకి కొన్ని అంగుళాల ఉక్కు రక్షణ. జీపులో వాళ్ళకి ఒంటి మీద యూనిఫాం.

అందుకే ఆర్సీఎల్ వాళ్ళకి నేర్పే మొదటి పాఠం పేల్చడం కాదు, పారిపోవడం. నవ్వకండి. ట్రైనింగ్‌లో నేను మొదటి రౌండు పేల్చిన రోజు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పట్టాల మీద కదిలే గుడ్డ టార్గెట్. చిన్న తూటా పొగ సరిగ్గా దాని మీద లేచింది. నాబ్ నొక్కాను. తగిలింది! మెడ సాచి, నోరు తెరుచుకుని చిరిగిన గుడ్డ వంక చూస్తూ ఉండిపోయాను. వెనక నుంచి మాకు నేర్పే ఉస్తాద్ వచ్చి నా హెల్మెట్ మీద ఒక్కటి వేశాడు. ‘ఏం చూస్తున్నావ్? నువ్వు చచ్చి పది సెకన్లయింది’ అన్నాడు. ఆ రోజంతా నన్ను పేరు పెట్టి పిలవలేదు, ‘స్వర్గీయ సిపాయి’ అనే పిలిచాడు. పేల్చిన వెంటనే డ్రైవర్ గేరు వెయ్యాలి, బండి అక్కడి నుంచి లేచిపోవాలి, ముందే చూసి పెట్టుకున్న ఇంకో మరుగులోకి చేరాలి. గుండు తగిలిందో లేదో అక్కడికి వెళ్ళాక చూసుకోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. మనిషికి తను కొట్టిన దెబ్బ చూసుకోవాలనే ఉంటుంది.

ఇప్పుడు 1965కి వద్దాం. ఎక్కువ వెనక్కి వెళ్ళను. పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ సరిహద్దు ఊరు, ఎదురుగా అవతల కసూర్. సెప్టెంబర్ 6న మన నాలుగో మౌంటెన్ డివిజన్ అవతలి కాలువ వైపు దాడికి దిగింది, అది పారలేదు, వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ వెంటనే పాకిస్తాన్ మొదటి ఆర్మర్డ్ డివిజన్ పాటన్ ట్యాంకులతో విరుచుకుపడింది. ఖేమ్‌కరణ్ వాళ్ళ చేతికి పోయింది. వాళ్ళ లెక్క, అక్కణ్ణుంచి వేగంగా ఉత్తరానికి దూసుకెళ్ళి బియాస్ వంతెన పట్టుకుంటే అమృత్‌సర్‌కి దారి తెగిపోతుందని. మధ్యలో అసల్ ఉత్తర్, చీమా అనే ఊళ్ళ చుట్టూ మనవాళ్ళు గుర్రపు నాడా ఆకారంలో మోహరించి కూర్చున్నారు. చుట్టూ ఎత్తుగా పెరిగిన చెరకు తోటలు. పల్లపు పొలాల్లోకి నీళ్ళు వదిలారు, ట్యాంకులు బురదలో కూరుకుపోయేలా. అసల్ ఉత్తర్ అంటే ‘అసలైన జవాబు’. ఊరి పేరు ముందే అది, యుద్ధం తర్వాత దానికి ఇంకో అర్థం వచ్చింది. మన తెలుగు చెవికి అది ‘అసలు ఉత్తరం’ అని వినిపిస్తుంది, పిల్లలకి ఆ మాట చెప్పి చూడండి, ఊరి పేరు మర్చిపోరు.

ఇంకో విషయం. ఈ నాలుగో డివిజనే 1962లో చైనా యుద్ధంలో ఈశాన్యంలో ఘోరంగా దెబ్బతిన్నది. హమీద్ ఉన్న నాలుగో గ్రెనేడియర్స్ బెటాలియన్ అప్పుడు నమ్‌కాచూ వాగు దగ్గర ఉంది. ఆ వాగు దగ్గర మన సైన్యానికి ఏం జరిగిందో సైన్యంలో అందరికీ తెలుసు, గొంతు తగ్గించి చెప్పుకుంటారు. అదే డివిజన్ మూడేళ్ళకి, అదీ కొండల్లో కొట్లాటకి తగ్గట్టు తేలికపాటి సరంజామాతో, మైదానంలో ట్యాంకుల డివిజన్‌కి ఎదురు నిలబడాల్సి వచ్చింది. ‘ధైర్యం’ అనే మాట వాడేముందు ఈ సంగతి పిల్లలకి చెప్పండి. ఒకసారి ఓడినవాళ్ళు వీళ్ళు.

వాళ్ళకి తోడుగా మన ట్యాంకులూ ఉన్నాయి, అది మర్చిపోకూడదు. మూడో కేవలరీ దగ్గర సెంచూరియన్లు, ఎనిమిదో లైట్ కేవలరీ దగ్గర ఏఎంఎక్స్‌లు, డెక్కన్ హార్స్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లు. డెక్కన్ హార్స్ పేరు విన్నారు కదా. పాత నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాల నుంచి వచ్చిన రెజిమెంట్ అది. మన ప్రాంతం పేరు మోసే దళం ఒకటి ఆ చెరకు తోటల్లో ఉందని చెబితే మీ పిల్లలకి ఆ ఊరు కొంచెం దగ్గరవుతుంది.

ఇక హమీద్. ఉత్తరప్రదేశ్‌లో గాజీపూర్ జిల్లా ధామూపూర్. 1933 జూలై 1న పుట్టాడు. తండ్రి దర్జీ. కొడుకూ మొదట్లో ఆ కుట్టుపనిలోనే చేదోడుగా ఉన్నాడు. 1954 డిసెంబర్‌లో గ్రెనేడియర్స్‌లో చేరాడు. 1965 నాటికి ఆయన హోదా కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. ఈ హోదా దగ్గర చాలామంది చదివేసి ముందుకు వెళ్ళిపోతారు. నేను ఆగిపోయే మొదటి మాట ఇదే. క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అంటే కంపెనీకి సామాన్ల లెక్క చూసే మనిషి. రేషను, బూట్లు, దుప్పట్లు, తూటాలు, ఎవడికి ఏం ఇచ్చాం, ఎవడు తిరిగివ్వలేదు, అంతా ఆయన రిజిస్టర్లో ఉంటుంది. అలాంటి మనిషి ముందు వరసలో ట్యాంకుల మీద గన్ను ఎందుకు పేలుస్తున్నాడు? ఎందుకంటే ఆ పనికి రాకముందు ఆయన ఏళ్ళ తరబడి యాంటీ ట్యాంకు డిటాచ్‌మెంట్‌లోనే ఉన్నాడు. ఆర్సీఎల్ మీద బెటాలియన్‌లో మంచి షాట్ అని పేరు. యుద్ధం వచ్చింది, గన్నుకి తెలిసిన చెయ్యి కావాలి, స్టోర్ నుంచి గన్ను దగ్గరికి వచ్చాడు. ఆయన కదిలే ట్యాంకుని కొట్టింది ఏదో ఆవేశంలో కాదు. పదేళ్ళ సర్వీసులో చేతికి అలవాటైన పని అది.

మీ లెక్క ప్రశ్నకి ఇప్పుడు వస్తాను.

ప్రభుత్వం ఇచ్చిన సైటేషన్ ఒక్క 10వ తేదీ ఉదయం గురించే మాట్లాడుతుంది. దాని సారం ఇది. ఉదయం 8 గంటలకి పాటన్ ట్యాంకుల రెజిమెంట్ ఒకటి భిఖీవిండ్ రోడ్డు మీద చీమా ఊరికి ముందున్న కీలక ప్రాంతం మీద దాడి చేసింది. దానికి ముందు ఫిరంగుల జడివాన. 9 గంటలకల్లా ట్యాంకులు మన ముందు పొజిషన్లలోకి చొరబడ్డాయి. హమీద్ తన జీపుతో పక్కకి, ఫ్లాంక్‌లోకి వెళ్ళాడు. అనువైన చోటు చూసుకుని అందరికంటే ముందున్న ట్యాంకుని కొట్టాడు. వెంటనే చోటు మార్చాడు. రెండో ట్యాంకుని తగలబెట్టాడు. ఈలోగా శత్రు ట్యాంకులు ఆయన్ని కనిపెట్టేశాయి. మెషిన్‌గన్లు, షెల్లులు అన్నీ ఆ జీపు మీదికే తిప్పాయి. ఆయన మాత్రం ఇంకో ట్యాంకు మీద పేలుస్తూనే ఉన్నాడు. అలా పేలుస్తుండగానే షెల్లు తగిలి చనిపోయాడు.

జాగ్రత్తగా చూడండి. సైటేషన్ లెక్క ప్రకారం రెండు ట్యాంకులు ఖాయం. మూడోదాని మీద ‘పేలుస్తుండగా’ అని ఉంది, కొట్టాడని లేదు. కాబట్టి ‘మూడు’ అనే అంకె ఇక్కడి నుంచి వచ్చి ఉంటుంది. మరి ఏడు, ఎనిమిది ఎక్కడివి అంటారా? దాడులు 8వ తేదీ నుంచే మొదలయ్యాయి. బెటాలియన్ వాళ్ళు చెప్పుకునే కథనాల్లో 8, 9 తేదీల్లో ఆయన కొట్టినవి కూడా కలుస్తాయి. 9వ తేదీ సాయంత్రానికే నాలుగు, 10న ఇంకో మూడు, మొత్తం ఏడు అనేది బాగా ప్రచారంలో ఉన్న లెక్క. ఎనిమిది అనేవాళ్ళూ ఉన్నారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు ఒక్క ఉదయాన్ని లెక్కపెడుతున్నారు, ఒకరు మూడు రోజుల్ని.

పైగా యుద్ధంలో ట్యాంకు లెక్క ఎప్పుడూ చిక్కుముడే. ఒకే ట్యాంకు మీద ముగ్గురు పేలుస్తారు. ఒకటి మందుపాతర మీద గొలుసు తెగి ఆగుతుంది, దాన్ని ఆగాక ఇంకొకరు కొడతారు. ఇంకొకటి బురదలో దిగబడితే లోపలివాళ్ళు దిగి పారిపోతారు, దానికి ఒక్క గీత కూడా పడదు. తెల్లారాక పొలంలోకి వెళ్ళి చూస్తే మూడూ ఒకేలా నిలబడి ఉంటాయి. అసల్ ఉత్తర్ పోరు మొత్తానికైతే భారత సైన్యం చెప్పే లెక్క 97 శత్రు ట్యాంకులు. వాటిలో చాలావాటిని తెచ్చి భిఖీవిండ్ దగ్గర వరసగా పెడితే ఆ చోటికి జనం పాటన్ నగర్ అని పేరు పెట్టేశారు. అందులో ఏది ఎవరిది అని ఇవాళ కూర్చుని తేల్చడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

అందుకని నా సలహా: పిల్లలకి సైటేషన్ ప్రకారం ఆ ఒక్క ఉదయం కథ చెప్పండి. ‘మూడు రోజుల్లో మొత్తం ఏడు అని బెటాలియన్ వాళ్ళు చెబుతారు’ అని ఒక వాక్యం కలపండి. దానితో సరి. అంకె పెద్దదైతే ఆయన గొప్పవాడు, చిన్నదైతే కాదు అన్నట్టు మాట్లాడకండి. ఒక్క ట్యాంకే కొట్టి ఉన్నా నా లెక్కలో తేడా ఏమీ రాదు.

ఎందుకంటే నేను ఆగిపోయే రెండో మాట ‘వెంటనే చోటు మార్చాడు’ అన్నది. మామూలు పాఠకుడికి అది ఒక కదలిక. మాకు అది మొత్తం కథ. మొదటి రౌండు పేలింది, ట్యాంకు ఆగింది. ఆ క్షణంలో చూస్తూ ఉండిపోవాలని ఎవరికైనా అనిపిస్తుంది, రేంజిలో గుడ్డ ముక్కకే నాకు అలా అయింది. ఆయన చూడలేదు, కదిలాడు. చెరకు సందుల్లోంచి జీపు ఇంకో చోటికి వెళ్ళింది, మళ్ళీ గన్ను తిప్పి, గురి చూసి, రెండోదాన్ని కొట్టాడు. పక్కకి వెళ్ళడమూ అలాంటిదే. పక్కభాగంలో ఉక్కు పలచగా ఉంటుందని చాలామంది చెబుతారు, అదీ నిజమే. కానీ ఆర్సీఎల్ వాడు పక్కకి వెళ్ళేది ఎక్కువగా కనబడకుండా ఉండటానికి. ట్యాంకులోంచి బయటికి చూపు చాలా ఇరుకు. గన్ను ముందుకు తిరిగి ఉంటుంది, కళ్ళూ అటే ఉంటాయి.

మూడోసారి దగ్గర ఆయన కనబడిపోయాడు. రెండుసార్లు మంట లేచింది, దుమ్ము లేచింది, పదులకొద్దీ కళ్ళు వెతుకుతున్నాయి, కనబడక ఏమవుతుంది. అప్పుడు పుస్తకం చెప్పేది ఒక్కటే, వెనక్కి తగ్గి మరుగులోకి పో అని. ఆయనకి అది తెలియక కాదు. నా ఉస్తాద్‌లాంటివాళ్ళు ఆయన్ని పదేళ్ళు సాన పెట్టి ఉంటారు. ట్యాంకులు అప్పటికే పొజిషన్ల లోపల ఉన్నాయి. తను జీపు తిప్పుకుని పోతే ఆ ట్యాంకు తర్వాత ఎవరి మీదికి వెళ్తుందో ఎదురుగా కనబడుతోంది. కందకాల్లో ఉన్నది ఆయన బెటాలియన్ వాళ్ళే, ఆయన రిజిస్టర్‌లో పేర్లున్నవాళ్ళు. మొదటి రెండుసార్లు పాఠం ప్రకారం నడిచి, మూడోసారి తెలిసి తెలిసీ పాఠాన్ని పక్కన పెట్టాడు. నాకు పరమవీరచక్ర అక్కడ కనబడుతుంది. ఇది నా అభిప్రాయమే అనుకోండి, సైటేషన్‌లో ఇంత విడమరిచి ఉండదు.

సభల్లో వినే కొన్ని మాటల గురించి కూడా చెప్పాలి. ఒక చోట వక్త, హమీద్ ఒంటికి బాంబులు కట్టుకుని ట్యాంకు కింద పడుకున్నాడని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ముందు వరసలో కూర్చుని తల దించుకున్నాను. అలా జరగలేదు. అలా చెబితే ఆయన పనితనమంతా మాయమైపోయి, ఏదో తెగించినవాడు మిగులుతాడు. ఇంకో చోట గంటసేపూ ఆయన మతం గురించే మాట్లాడారు, మంచి ఉద్దేశంతోనే. గ్రెనేడియర్స్‌లో ముస్లిం జవాన్లు ఉండటం కొత్తేమీ కాదు, బెటాలియన్‌లో అదొక వింత కాదు. వాళ్ళలో వాళ్ళు ఆయన్ని తలుచుకునేది మంచి గన్నర్ అని. మీరూ అలాగే మొదలుపెట్టండి, పేరు వింటే మిగతాది పిల్లలకి ఎలాగూ తెలుస్తుంది.

ఇంకోటి, ఆ జీపులో ఆయన ఒక్కడే ఉన్నట్టు బొమ్మలు వేస్తారు. ఆర్సీఎల్ ఒక్కడితో నడిచేది కాదు. రౌండు బరువు 17 కిలోలు, ఎక్కించడానికి లోడర్ కావాలి. ‘వెంటనే చోటు మార్చాడు’ అనాలంటే స్టీరింగ్ దగ్గర ఒకడు ఉండాలి. ఆ సంగతి కూడా ఒక్క మాట చెప్పండి.

కాల్పుల విరమణ సెప్టెంబర్ 23న. అంతకు ముందే ఆయనకి పరమవీరచక్ర ప్రకటించారు. 1966 జనవరి 26న ఢిల్లీలో ఆయన భార్య రసూలన్ బీబీ ఆ పతకాన్ని అందుకున్నారు. ఇచ్చింది ఎవరో తెలుసా, మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, అప్పటి రాష్ట్రపతి. ఆయన పుట్టినరోజే కదా మనం టీచర్స్ డే చేసుకునేది, సెప్టెంబర్ 5. ఐదు రోజుల తేడాలో మీ స్కూల్లో రెండు కార్యక్రమాలు. పిల్లలకి రెంటినీ కలిపే ముడి ఇదే, వాడుకోండి. ఆ పతకం కంచుది, మధ్యలో అశోక చిహ్నం, చుట్టూ నాలుగు ఇంద్రుడి వజ్రాయుధాలు. దాన్ని గీసింది సావిత్రి ఖానోల్కర్ అనే ఆవిడ, పుట్టింది యూరప్‌లో, మన సైన్యాధికారిని పెళ్ళాడి ఈ దేశపు మనిషైపోయింది. ఇప్పటిదాకా 21 మందికే వచ్చింది, అందులో 14 మందికి చనిపోయాకే. 1965 యుద్ధంలో ఇద్దరికి. రెండోవారు లెఫ్టినెంట్ కల్నల్ తారాపూర్, ఆయన సైనిక జీవితం మొదలైంది హైదరాబాద్ సంస్థానం సైన్యంలో. దాని గురించి వచ్చే ఏడు అడగండి, అది ఇంకో పెద్ద కథ.

హమీద్‌ని అసల్ ఉత్తర్‌లోనే ఖననం చేశారు. సమాధి ఖేమ్‌కరణ్ రోడ్డు పక్కనే ఉంది. ఏటా సెప్టెంబర్‌లో అక్కడ మేళా జరుగుతుంది. 2000లో తపాలా శాఖ ఆయన బొమ్మతో 3 రూపాయల బిళ్ళ విడుదల చేసింది. దాని మీద ఆయన ముఖం పక్కనే ఆర్సీఎల్ జీపు ఉంటుంది, బొమ్మ దొరికితే పెద్దది చేసి గోడకి అంటించండి. గన్ను గొట్టం ఎంత పొడుగో, జీపు ఎంత చిన్నదో దాన్ని చూస్తేనే తెలుస్తుంది. 2023 జనవరి 23న అండమాన్‌లో పేర్లు లేని 21 దీవులకి 21 మంది పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు, అందులో ఒకటి ఆయనది. రసూలన్ బీబీ 2019 దాకా ఉన్నారు. భర్త పోయాక యాభై మూడు యాభై నాలుగేళ్ళు. సభల్లో శాలువా కప్పించుకుంటూ ఎన్ని వందలసార్లు ఆ కథ వినుంటారో.

చివరగా మీ ఇరవై నిమిషాల సంగతి. పదినిమిషాలకంటే ఎక్కువ మాట్లాడకండి, పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళండి. చెట్లో పొదలో ఉన్న మూల చూసుకోండి. మీ కుర్రాడినే గన్నర్ చెయ్యండి, వాడికి తోడు ఇద్దరు, ఒకడు డ్రైవర్, ఒకడు లోడర్. ముగ్గురూ ఒకరి భుజం ఒకరు పట్టుకునే కదలాలి. మిగతా క్లాసంతా ట్యాంకులు, వంద అడుగుల దూరంలో నిలబడి నెమ్మదిగా ముందుకు నడుస్తూ ఉంటారు. గన్నర్ ఒక ట్యాంకుని ఎంచుకుని విజిల్ ఊదాలి, లోడర్ అదే క్షణంలో గుప్పెడు మట్టి పైకి చల్లాలి. విజిల్ వినబడగానే ట్యాంకులు పది అంకెలు లెక్కపెట్టి మట్టి లేచిన వైపు వేలు చూపిస్తాయి. ఆలోగా వాళ్ళు ముగ్గురూ ఇంకో చెట్టు వెనకకి చేరాలి. కనబడితే అయిపోయినట్టే. మట్టి చల్లకుండా మోసం చేస్తారు, చూసుకోండి, మా బ్యాచ్‌లోనూ అదే చేసేవాళ్ళం.

మొదటిసారి తేలిగ్గా తప్పించుకుంటారు. రెండోసారి పరుగెత్తాల్సి వస్తుంది. ఎన్నోసారికి దొరికిపోయారో, దొరికాక మీ కుర్రాడు ఏమన్నాడో నాకు ఒక ముక్క రాయండి.